రోజా బండిలో పెట్రోలు

బందరు చిలకలపూడిలో దానియేలు మాస్టారి మాటకు తిరుగుండేది కాదు. ముప్పై ఏళ్లుగా ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాడు. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు పాఠం చెప్పేదీ అతనే. వీధిలో ఎవరు ఊరెళ్తున్నా తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టేవాళ్లు. పెళ్లి సంబంధం వస్తే ఆ అబ్బాయి ఎలాంటివాడో అతన్నే అడిగేవాళ్లు. ఘంటసాల దగ్గర పల్లెలో నాట్లకీ కోతలకీ కూలికెళ్లి అతన్ని చదివించిన తండ్రి, పోయేముందు ఒకే ఒక్క మాట చెప్పాడు. “పస్తున్నా పర్లేదు గానీ మాట పడకురా.” యాభై నాలుగేళ్లు వచ్చేదాకా దానియేలు ఎవరిచేతా మాట పడలేదు.

మాట పడకపోయినంత మాత్రాన తప్పు చేయనట్టు కాదని అతనికి మొన్నటి తుఫానులో తెలిసింది.

అక్టోబరు ఆఖర్లో వచ్చిన ఆ తుఫాను బందరును అతలాకుతలం చేసి పోయింది. కరెంటు స్తంభాలు వీధులకు వీధులే నేలకొరిగాయి. ఉయ్యూరు అవతల రోడ్డుకడ్డంగా చెట్లు పడి పెట్రోలు ట్యాంకర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఊళ్లో కొన్ని బంకుల్లోకి నీళ్లొచ్చాయి, కొన్నింటికి కరెంటు లేదు. జనరేటరు పెట్టుకుని నడుస్తున్న ఒక్క బంకు ముందు తెల్లారేసరికే మైలు పొడుగు వరస. మోటారుసైకిలుకు రెండు లీటర్లు, ఆటోకు ఐదు. క్యాన్లతో వస్తే పొయ్యరు, బ్లాకులో అమ్ముకుంటున్నారని.

వీధిలో ఎవరి తంటాలు వాళ్లు పడ్డారు. ఒకే బండి మీద ముగ్గురేసి ఆఫీసుకెళ్లారు. పాలవాడు అటకమీంచి పాత సైకిలు దింపాడు. చర్చిలో జనరేటరు సాయంత్రం ఓ గంట వేస్తే ఫోన్ల ఛార్జింగు కోసం జనం మూగేవాళ్లు. రోల్డుగోల్డు నగలు చేసేవాళ్లు పని లేక అరుగుల మీద కూర్చుని, ట్యాంకరు ఎక్కడిదాకా వచ్చిందో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు.

దానియేలు ఇంట్లో చిన్న పెట్రోలు జనరేటరు ఒకటుంది. తల్లి మార్తమ్మకు ఉబ్బసం. రోజుకు మూడు నాలుగుసార్లు నెబ్యులైజరు పెట్టకపోతే ఆమెకు ఊపిరాడదు. అందుకే కొన్నాడు. తుఫానుకు ముందు క్యానులో మూడు లీటర్లుంది, మెకానిక్కుతో తన బండిలోంచి తీయించింది ఇంకో రెండు లీటర్లు. నెబ్యులైజరు ఒక్కదానికే వాడితే వారం పది రోజులు వచ్చేది. కానీ మొదటిరోజు నీళ్ల మోటారు వేశాడు. ఉక్కపోస్తోందని ఫ్యాను వేశాడు. భార్య వినీల తమ్ముడు పంపిన పండుగప్ప చేపలు పాడైపోతాయని ఫ్రిజ్ వేశాడు. మూడోరోజు మధ్యాహ్నానికి జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

క్యాను పట్టుకుని బంకుకెళ్లి రెండు గంటలు నిలబడ్డాడు. తీరా అతని వంతు వచ్చాక పెట్రోలు కొట్టే అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“క్యాన్లకి ఇవ్వం సార్.”

“మా అమ్మకి నెబ్యులైజరు పెట్టాలమ్మా.”

“హాస్పిటల్లో చీటీ రాయించుకురండి సార్, లీటరు పోస్తాం. ఊరికే చెప్తే అందరూ అలాగే చెప్తున్నారు.”

‘అందరూ’ అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. తన మాట నమ్మకుండా చీటీ అడిగినవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు. ఆసుపత్రికెళ్లి రాయించుకుంటే పోయేది, లేదా తన ఖాళీ బండి తోసుకొచ్చి మళ్లీ వరస కడితే రెండు లీటర్లు దొరికేది. రెండూ చెయ్యలేదు, ఖాళీ క్యానుతో ఇంటికొచ్చేశాడు.

వాళ్ల మేడమీద గదిలో రోజా అద్దెకుంటుంది. దివిసీమలో, కోడూరు అవతల ఒక పల్లెలో నర్సు. వయసు ముప్పై నాలుగుంటుంది. తుఫాను ముందురోజు డిపార్టుమెంటు జీపు వచ్చి నర్సులందరినీ పునరావాస కేంద్రాలకు తీసుకెళ్లింది. వెళ్లేముందు ఆమె తన స్కూటరును మెట్ల కింద పెట్టి, “ఫుల్ ట్యాంకు కొట్టించానండీ మాస్టారూ. వచ్చాక దీనిమీదే తిరగాలి. సీటు లాకు పనిచెయ్యట్లేదు, కాస్త చూస్తూ ఉండండి,” అంది. “నేనుండగా భయమేంటమ్మా,” అన్నాడు దానియేలు.

ఆ రోజు మూడు గంటలప్పుడు వీధి చివరకు మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. వీధి వీధంతా బిందెలతో అటు పరిగెత్తింది. వినీల కూడా వెళ్లింది. లోపల తల్లి ఆయాసపడుతున్న చప్పుడు వినిపిస్తోంది. దానియేలు తాపీపనివాళ్లు వదిలేసి వెళ్లిన, మట్టం చూసే సన్నటి లెవెల్ పైపు తీసుకుని మెట్ల కిందికి వెళ్లాడు. సీటు ఎత్తాడు. పైపు ఒక కొస ట్యాంకులోకి దింపి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఎత్తులో ఉన్న ద్రవం పల్లానికి ఎలా వస్తుందో వేలమంది పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినవాడు, పెదవులు ఎప్పుడు తియ్యాలో తెలియక ఒక గుక్క మింగేశాడు. గొంతు దగ్గర్నుంచి కడుపు దాకా భగ్గుమంది. గోడకానుకుని దగ్గాడు, కళ్లమ్మట నీళ్లు కారాయి. పెట్రోలు మాత్రం సన్నటి ధారగా క్యానులోకి దిగుతూనే ఉంది.

ఒక లీటరు చాలనుకున్నాడు. లీటరు దాటింది. ట్యాంకరు దగ్గర ఇంకా అరుపులు వినిపిస్తున్నాయి, ఎవరూ రావడం లేదు. క్యాను నాలుగో గీతకు దగ్గరగా వచ్చేదాకా పైపు తియ్యలేదు.

“ఎక్కడ దొరికిందండీ?” అంది వినీల, జనరేటరు చప్పుడు విని బిందెతో పరిగెత్తుకొచ్చి.

“బ్లాకులో,” అన్నాడు.

ట్యాంకర్లు రాగానే బండి నింపేద్దామనుకున్నాడు. ఆ నాలుగు లీటర్లతో నెబ్యులైజరు నడిచింది. ఫ్యానూ తిరిగింది, ఫ్రిజ్జూ నడిచింది.

ఐదోరోజు సాయంత్రం రోజా తిరిగొచ్చింది. కళ్లు పీక్కుపోయి, చీర అంచులు బురదతో బిరుసెక్కి ఉన్నాయి. పడుకుని, మర్నాడు ఏడింటికల్లా టీకాల పెట్టె భుజాన తగిలించుకుని కిందికొచ్చింది. దానియేలు గేటు దగ్గరే ఉన్నాడు.

“నెలలు నిండిన మనిషి ఉందండీ అక్కడ, సుష్మిత అని. మొన్నట్నుంచి కనిపెట్టుకునే ఉన్నాను. నేనెళ్లి అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫుల్ ట్యాంకు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ బంకు దగ్గర పడిగాపులు కాయాల్సొచ్చేది,” అంది బండి స్టార్టు చేస్తూ.

చెప్పడానికి ఆ ఒక్క నిమిషం ఉంది. ఆ బండికి పెట్రోలు ముల్లు ఎప్పుడో పాడైపోయింది, ట్యాంకులో ఎంతుందో ఆమెకు కనపడదు. దానియేలుకు తెలుసు. మిగిలినదానితో దారిలో ఉన్న చల్లపల్లి దాకా వెళ్తుందిలే, అక్కడ బంకు తెరిచి ఉండదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

“జాగ్రత్తమ్మా,” అన్నాడు. గేటు కూడా తనే తీశాడు.

బండి చల్లపల్లి చేరలేదు. నాలుగు కిలోమీటర్ల ముందే ఆగిపోయింది. రోజా దాన్ని తోసుకుంటూ చల్లపల్లి చేరింది, అక్కడ బంకు మూసి ఉంది. బండి ఒక కిరాణా కొట్టు దగ్గర పడేసి, ట్రాక్టరెక్కి, దిగి, ఇంకో ట్రాక్టరెక్కి ఆ పల్లెకు వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. అప్పటికే సుష్మిత, పునరావాస కేంద్రం పెట్టిన బడి గదిలో, అన్నపూర్ణ అనే ఒక పెద్దావిడ చేతుల్లో ప్రసవించింది. రక్తం ఆగలేదు. రోజా వెళ్లాక ఇంజెక్షను చేసి, ట్రాక్టరు తొట్టిలో పడుకోబెట్టి అవనిగడ్డ చేర్చింది. తల్లీ బిడ్డా బతికారు.

ఇదంతా ఆమె ఆ సాయంత్రం వీధిలో నిలబడి చెప్పింది. కరెంటు స్తంభాలు దింపి తిరిగొస్తున్న లారీలో వచ్చి దిగింది. స్తంభాలు నిలబెట్టే పని చూస్తున్న జనమంతా ఆమె చుట్టూ చేరారు.

“బతికింది కాబట్టి సరిపోయింది! అరగంట ఆలస్యమైతే చచ్చిపోయేదండీ! నా బండిలో పెట్రోలు ఎవరు తీశారు?”

ఎదురింటి ధర్మారావు, కలెక్టరేటులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి, వెంటనే అందుకున్నాడు. “ఇంకెవరమ్మా? ఈ వీధిలో ఆ విద్య తెలిసింది ఒక్కడికేగా.”

అందరూ శ్యాంబాబు వైపు తిరిగారు. ఆటో తోలుకునే శ్యాంబాబు దానియేలు శిష్యుడే. పదకొండేళ్ల కిందట, ఇరవై ఏళ్ల వయసులో, క్రిస్మస్ ఆరాధన జరుగుతుంటే చర్చి ఆవరణలో రెండు బళ్లలోంచి పెట్రోలు తీస్తూ దొరికాడు. పోలీసులకివ్వకుండా ఆపింది దానియేలే. కాకపోతే సంఘమంతటి ముందూ నిలబెట్టి క్షమాపణ చెప్పించాడు. తప్పు నలుగురిలో ఒప్పుకుంటేనే మనిషి మారతాడని ఆ రోజు అందరికీ వినిపించేలా అన్నాడు. శ్యాంబాబు మారాడు. పెళ్లి చేసుకున్నాడు, ఆటో కొనుక్కున్నాడు. కానీ వీధి ఆ క్రిస్మస్‌ను మర్చిపోలేదు.

“నేనెందుకు తీస్తానండీ? నాది డీజిల్ బండి,” అన్నాడు శ్యాంబాబు.

“అమ్ముకోడానికి తీశావు. బ్లాకులో ఎంత పలుకుతుందో తెలీదనుకున్నావా?”

“నా కూతురి మీద ఒట్టండీ ధర్మారావు గారూ. ఆ రోజు తర్వాత ఒక్క చుక్క ముట్టలేదు.” చుట్టూ చూశాడు. ఎవరి ముఖంలోనూ నమ్మకం కనపడలేదు. చివరికి గేటు దగ్గరున్న దానియేలు వైపు తిరిగాడు. “మాస్టారూ, మీరైనా చెప్పండి. నేను అట్లాంటివాణ్ణా?”

శ్యాంబాబు భార్య ప్రియ అప్పుడే చంటిపిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

దానియేలు నోరు తెరిచాడు. నేనే అనే మాట నాలుక మీదికి వచ్చింది, నిజంగానే వచ్చింది. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

“పోనీలెండి ధర్మారావు గారూ. పిల్లగలవాడు, ఏ అవసరం పడిందో ఏమో. అయిందేదో అయింది. రోజా, నీ బండికి పెట్రోలు నేను పోయిస్తానమ్మా. ఇక వదిలేయండి.”

ఇంత పెద్ద మనసు ఎవరికుంటుందని ఎవరో ఆడమనిషి అంది. జనం సర్దుకున్నారు. శ్యాంబాబు మాత్రం కదల్లేదు. తిట్టినప్పుడు కూడా అలా పాలిపోలేదు అతని ముఖం. దానియేలును అలాగే చూసి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ప్రియ పక్కకు తప్పుకుని దారిచ్చింది. భర్త ముఖం వైపు చూడలేదు.

ఆ రాత్రి దానియేలు కంచం ముందు కూర్చున్నాడు. తేన్పు వస్తే చాలు, పెట్రోలు వాసన. వినీల కంచం తీయకుండా ఎదురుగా కూర్చుంది.

“బ్లాకులో ఎవరి దగ్గర కొన్నారు?” అంది.

అతను కంచంలో మెతుకులు ఒక పక్కకు నెట్టాడు. “ఫ్రిజ్ వెయ్యమని అడిగింది నేనేగా,” అని వినీల మెల్లగా అని, కొంగుతో నోరు మూసుకుంది.

పక్క మంచం మీద పడుకుందనుకున్న మార్తమ్మ లేచి కూర్చుంది. “రోజమ్మ బండిలోదా?”

“నీకు ఆయాసం ఎక్కువైందమ్మా. ఏం చెయ్యాలో తోచలేదు...”

“నా ఊపిరి మీద పెట్టమాక.” ఆమెకు మాట మాటకూ ఎగశ్వాస వస్తోంది. “నాకు రోజుకి గంట చాలు. ఫ్యాను కింద పడుకుంది నువ్వు. ఆ పిల్లాడు నీ మొహం చూసి అడిగాడు, మీరైనా చెప్పండి అని. కిటికీలోంచి విన్నాను. మీ నాన్న మాట పడొద్దన్నాడు గానీ, నీ మాట ఇంకోడి మీద పెట్టమన్నాడా?”

దానియేలు తల ఎత్తలేకపోయాడు. చిన్నప్పుడు కూడా తల్లి ముందు అలా కూర్చున్న గుర్తు లేదు.

పొద్దున్నే మేడమీదికి వెళ్లాడు. రోజా పళ్లు తోముకుంటోంది. మెట్ల మీదే నిలబడి చెప్పేశాడు. ఆమె నోట్లో నురగతోనే అలా ఉండిపోయింది. తర్వాత పుక్కిలించి ఊసి, ముఖం కడుక్కుని వచ్చింది.

“అడిగితే ఇచ్చేదాన్నే కదండీ.”

“నువ్వు ఊళ్లో లేవు, ఫోన్లు పనిచెయ్యలేదమ్మా.”

“ఫోన్లు పనిచెయ్యలేదు సరే. నిన్న పొద్దున గేటు దగ్గర నాకెదురుగానే ఉన్నారుగా?”

తప్పైపోయిందమ్మా అన్నాడు. ఆమె ఆ మాట తీసుకోలేదు, కాదనీ అనలేదు. “ముందు నాకు కాదు సార్. వెళ్లి అతనికి చెప్పండి,” అంది. ఎప్పుడూ మాస్టారూ అని పిలిచే మనిషి సార్ అనడం అతను గమనించాడు.

శ్యాంబాబు ఇంట్లో లేడు. బంకు దగ్గర వరసలో ఉన్నాడు. ఆ ముందురోజే ఒక పెట్రోలు ట్యాంకరు వచ్చిందట, సగం వీధి అక్కడే ఉంది. ధర్మారావు కూడా స్కూటరు పట్టుకుని నిలబడ్డాడు. ఒంటరిగా దొరికితే చెబుదామని దానియేలు కాసేపు దూరంగా తచ్చాడాడు. ఆ తచ్చాడటం తనకే అసహ్యమనిపించింది. నిందపడింది నలుగురిలో కదా. వరస పక్కగా నడుచుకుంటూ వెళ్లి ఆటో ముందు నిలబడ్డాడు.

“శ్యాంబాబూ, రోజా బండిలో పెట్రోలు తీసింది నేను.”

ముందువాళ్లూ వెనకవాళ్లూ తిరిగి చూశారు. ఒక్క క్షణం తర్వాత ధర్మారావు నవ్వాడు. “ఊరుకోండి మాస్టారూ! శిష్యుణ్ణి వెనకేసుకు రావాలంటే మాత్రం, నేరం మీద వేసుకుంటారా?”

“అదీ మాస్టారంటే,” అన్నారెవరో.

దానియేలు ఇది ఊహించలేదు. నిజం చెబితే చెప్పులతో కొడతారేమోనని రాత్రంతా భయపడ్డాడు గానీ, నమ్మరని అనుకోలేదు. ఇంకో మాట మాట్లాడకుండా వెళ్లిపోతే వీధిలో అతని పేరు నిన్నటికన్నా పైకి పోయేది.

“మంచితనం కాదండీ,” అన్నాడు గొంతు పెంచి. “మొన్న నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు మీరంతా అక్కడున్నారు. మెట్ల కింద లెవెల్ పైపు పెట్టి పీల్చాను. నాలుగు లీటర్లు తీశాను. అమ్మకోసమని మొదలుపెట్టాను, ఫ్యానుకీ ఫ్రిజ్‌కీ వాడాను. నిన్న ఇతను నన్ను అడిగితే, దొంగను క్షమించినట్టు మాట్లాడాను.”

ఎవరూ నవ్వలేదు. కానీ నమ్మినట్టూ లేరు. ధర్మారావు స్కూటరు అద్దం సరిచేసుకుంటూ నేల చూపులు చూశాడు. శ్యాంబాబు ఆటో దిగాడు.

“మింగారా?” అన్నాడు.

“ఒక గుక్క.”

“తేన్పులు?”

“ఇంకా వస్తున్నాయి.”

శ్యాంబాబు తలూపాడు. మిగతావాళ్ల వైపు తిరిగి, “ఈయనే తీశాడు,” అన్నాడు. తీశారు అనలేదు.

బంకు వైపు వరస కదిలింది. వెనక ఆటోవాళ్లు హారన్లు కొట్టారు. శ్యాంబాబు ఎక్కి కూర్చుని, బండి కదిలించే ముందు, “ఇక్కడ చెప్పి ఏం లాభం మాస్టారూ? మా ఇంట్లో చెప్పండి,” అన్నాడు. “నిన్నట్నుంచి మా ఆవిడ నాకు ఎదురు పడట్లేదు.”

ప్రియ దానియేలును లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నది. చంకలో పిల్ల ఆమె గాజులు లాగుతోంది.

“పెళ్లికి ముందే మా నాన్నకి ఆ చర్చి సంగతి ఎవరో చెప్పార్సార్. అయినా చేశాడు. ఇన్నేళ్లలో ఎవరెన్ని అన్నా నేను నమ్మలేదు. నిన్న ధర్మారావుగారు అన్నప్పుడు కూడా నమ్మలేదు.” పిల్లను రెండో చంకకు మార్చుకుంది. “మీరు పోనీలెండి అన్నారు చూడండి, అప్పుడు నమ్మాను. మీరు చెప్పాక ఇంకేముందని. రాత్రి ఆయన కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్తుంటే చెయ్యి లాగిపారేశాను.”

దానియేలు చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల వైపు చూడలేక ముఖం తిప్పుకుంది. “వెళ్లండి సార్. ఆయన వస్తే నేను మాట్లాడుకుంటాను,” అంది.

మరో రెండు రోజులకు కరెంటు వచ్చింది. దానియేలు తన బండితో రెండుసార్లు వరసలో నిలబడి, రెండేసి లీటర్లు తెచ్చి, చల్లపల్లి నుంచి తెప్పించిన రోజా బండిలో పోశాడు. ఆమె వద్దనలేదు. పాస్టరు గారి దగ్గరికెళ్లి ఇకమీదట పిల్లల పాఠం ఇంకెవరికైనా ఇవ్వమన్నాడు. ఆయన కొన్నాళ్లు ఆగి చూద్దామన్నాడు గానీ, దానియేలు ఆ ఆదివారం నుంచి వెనక వరసలో కూర్చున్నాడు.

వీధి అతన్ని తేలిగ్గానే క్షమించింది. అదే అతనికి ఎక్కువ కష్టమైంది. “తల్లి కోసం చేశాడు పాపం,” అని చెప్పుకున్నారు. కిరాణా కొట్టు దగ్గర ఎవరైనా ఆ మాటంటే, కాదండీ, ఫ్యాను కోసం కూడా, అనేవాడు మొదట్లో. వాళ్లు ఇబ్బందిగా నవ్వి మాట మార్చేసేవాళ్లు. శ్యాంబాబును అన్న మాటలకు తప్పైందని చెప్పడానికి ధర్మారావు గానీ, ఇంకొకరు గానీ అతని గుమ్మం తొక్కలేదు.

డిసెంబరులో మార్తమ్మను గుడివాడలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాల్సి వచ్చింది. శ్యాంబాబు ఆటో అయితేనే వస్తానని ఆమె పట్టుబట్టింది. దానియేలు వెళ్లి అడిగాడు. శ్యాంబాబు తలూపి, ఆటో తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. దారి పొడుగునా మార్తమ్మతో కబుర్లాడాడు, ఆమెకు గాలి తగలకుండా పక్క పరదా కట్టాడు, పామర్రు దగ్గర ఆపి టీ తెచ్చిచ్చాడు. దానియేలు కోసం కూడా ఒక గ్లాసు తెచ్చాడు గానీ, దాన్ని సీటు మీద పెట్టి వెళ్లాడు. దానియేలు ఆ టీ తాగాడు. ఆసుపత్రి ముందు ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని మార్తమ్మను దింపారు. “ఎంతసేపవుతుందో కనుక్కోండి, బండి నీడలో పెడతాను,” అన్నాడు శ్యాంబాబు. నెల రోజుల్లో అతను దానియేలుతో మాట్లాడిన మొదటి మాట అది. తిరిగి బందరు చేరేదాకా మళ్లీ మాట్లాడలేదు.